మేజిక్ మష్రూమ్స్ ఏరడానికి వెళ్దామనుకుంటున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

తొలకరి పడగానే పుట్టగొడుగుల మీద రెండు రకాల ప్రశ్నలు మొదలవుతాయి. ఊళ్ళలో ఉండేవాళ్ళు పుట్టకొక్కుల గురించి అడుగుతారు. హైదరాబాద్, బెంగళూరుల్లో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేసుకుంటున్న కుర్రవాళ్ళు కొడైకెనాల్ ట్రిప్ గురించి, అక్కడి మేజిక్ మష్రూమ్స్ గురించి అడుగుతారు. ఈ రెండో రకం ప్రశ్నలు ఇంట్లో పెద్దవాళ్ళని అడగలేరు, డాక్టర్ దగ్గర నోరు విప్పడానికి మొహమాటం. చివరికి ఎవడో ఫ్రెండు చెప్పిందే వేదం అవుతుంది. అందుకే తెలిసినంతవరకు సూటిగా ఇక్కడ రాస్తున్నాను. ఎక్కడ మొలుస్తాయి, ఎలా పోల్చుకోవాలి, ఎంత తినాలి అన్నవి మాత్రం ఇందులో ఉండవు.

మేజిక్ మష్రూమ్ అంటే ఒకటే జాతా?

కాదు. సైలోసిబిన్ అనే రసాయనం ఉన్న పుట్టగొడుగులన్నింటినీ కలిపి అలా పిలుస్తున్నారు. ప్రపంచం మొత్తం మీద ఇలాంటివి 200కు పైగా జాతులు ఉన్నాయి. ఎక్కువ భాగం సైలోసైబి అనే ప్రజాతికి చెందినవి, మిగతావి వేరే ప్రజాతులవి. ఒకదానికీ ఇంకొకదానికీ పోలిక ఉండకపోవచ్చు. ఒకే జాతిలో, ఒకే చోట పెరిగిన రెండింటిలో కూడా సైలోసిబిన్ శాతం ఒకేలా ఉండదు.

ఎర్రటి గొడుగు మీద తెల్లటి చుక్కలతో పిల్లల బొమ్మల పుస్తకాల్లో కనిపించేది వీటిలోకి రాదు. దాని పేరు అమనిటా మస్కారియా. అందులో ఉండేవి ఐబొటెనిక్ ఆమ్లం, మస్సిమోల్. అవి మెదడు మీద పనిచేసే తీరు పూర్తిగా వేరు. మగత, వాంతులు, కండరాల కుదుపులు, ఒక్కోసారి స్పృహ తప్పడం దాకా పోతుంది. చాలామంది రెండింటినీ ఒకటే అనుకుంటున్నారు కాబట్టి ముందుగానే చెబుతున్నాను.

తింటే అసలు ఏం జరుగుతుంది?

సైలోసిబిన్ ఒంట్లోకి వెళ్ళాక సైలోసిన్‌గా మారుతుంది. మెదడులో సెరొటోనిన్ అనే రసాయనాన్ని అందుకునే గ్రాహకాల్లో ఒక రకాన్ని అది పట్టుకుంటుంది. గంటలోపు మొదలై నాలుగు నుంచి ఆరు గంటల దాకా ఆ ప్రభావం ఉంటుంది. రంగులు, శబ్దాలు మారిపోయినట్టు, కాలం సాగిపోయినట్టు, తనకీ చుట్టూ ఉన్నవాటికీ మధ్య హద్దు చెరిగిపోయినట్టు అనిపిస్తుంది. కొందరికి అది చాలా లోతైన అనుభవం. మరికొందరికి ఆ ఆరు గంటలూ నరకం: చచ్చిపోతున్నానన్న భయం, ఎవరో తరుముతున్నారన్న అనుమానం, ఆగని ఏడుపు. ఎవరికి ఏది వస్తుందో ముందుగా చెప్పలేం.

ఉన్నమాట చెప్పాలంటే, సైలోసిబిన్ సారాలాగా, హెరాయిన్‌లాగా శరీరానికి అలవాటైపోయే పదార్థం కాదు. అది నేరుగా కాలేయాన్నో గుండెనో పాడుచేసి చంపడం కూడా చాలా అరుదు. ఈ మాట పట్టుకునే చాలామంది ధైర్యం చేస్తారు. అయితే ఆ మాట వర్తించేది కొలిచి, పరీక్షించి ఇచ్చిన సైలోసిబిన్‌కి. అడవిలో ఏరిన గుప్పెడు పుట్టగొడుగులకి వర్తించదు. ఆ గుప్పెట్లో ఏముందో మీకు తెలియదు కాబట్టి.

కొడైకెనాల్‌లో దొరుకుతాయంటారు. నిజమేనా?

తమిళనాడు దిండిగల్ జిల్లాలో, పళని కొండల మీద రెండు వేల మీటర్లకు పైన ఉన్న ఊరు అది. చలి, పొగమంచు, ఏడాదిలో ఎక్కువ భాగం తడి. అక్కడ మేజిక్ మష్రూమ్స్ దొరుకుతాయన్న పేరు చాలా ఏళ్ళుగా ఉంది. టూరిస్టులకి అమ్ముతూ పట్టుబడినవాళ్ళు, కొన్నందుకు కేసుల్లో ఇరుక్కున్నవాళ్ళు ఉన్నారు. పోలీసులు, అటవీ శాఖవాళ్ళు తనిఖీలు చేస్తూనే ఉంటారు.

ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. ఒకటి, దారిపక్క ఎవడో కవర్లో పెట్టి చేతిలో పెట్టేది ఏ జాతో అతనికీ తెలియదు, మీకూ తెలియదు. ఎండిపోయి నలిగిన ముక్కల్ని చూసి జాతి చెప్పడం నిపుణుడికి కూడా కష్టం. రెండోది, ఆ చుట్టుపక్కల కొండల్లో పెద్ద భాగం 2013లో కొడైకెనాల్ వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. అభయారణ్యంలోంచి అనుమతి లేకుండా ఏది తీసినా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. మత్తు సంగతి పక్కనపెట్టినా ఆ కేసు ఉంటుంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. అక్కడ లోయలు నిలువునా ఉంటాయి, క్షణంలో పొగమంచు కమ్మేస్తుంది. ఎత్తు, దూరం సరిగ్గా అంచనా వేయలేని స్థితిలో అలాంటి చోట తిరగడం ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు.

ఫోటో తీసి యాప్‌లో పెడితే పేరు చెప్పేస్తుంది కదా?

యాప్ పోలిక చెబుతుంది, అంతే. తినొచ్చా లేదా అన్న నిర్ణయానికి ఆ పోలిక చాలదు.

అడవిలో కనిపించే పుట్టగొడుగుల్లో చిన్నగా, గోధుమ రంగులో ఉండేవి వందల రకాలు. పుట్టగొడుగుల మీద జీవితమంతా పనిచేసినవాళ్ళు కూడా వాటిని కంటితో చూసి పేరు చెప్పడానికి ఇష్టపడరు. సూక్ష్మదర్శిని కింద బీజాంశాలు (గొడుగు కింది నుంచి రాలే విత్తనాల్లాంటి పొడి) చూడాలంటారు, ఒక్కోసారి డీఎన్ఏ పరీక్ష కావాలంటారు. ఆ గుంపులోనే గాలెరినా మార్జినాటా అనేది ఉంది. కుళ్ళిన కట్టె మీద మొలుస్తుంది, చూడటానికి ఏ ప్రత్యేకతా ఉండదు. డెత్ క్యాప్ అని పేరుపడిన అమనిటా ఫాలాయిడిస్‌లో ఏ విషం ఉందో అదే విషం ఇందులోనూ ఉంటుంది. కొన్ని మత్తు పుట్టగొడుగుల మధ్యలోనే, అదే చెక్కపొట్టు మీద, గొడుగుకి గొడుగు ఆనించి ఇది మొలుస్తుంది.

1981లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, విడ్బీ ద్వీపంలో ముగ్గురు టీనేజర్లు మత్తు పుట్టగొడుగులనుకుని గాలెరినా తిన్నారు. వాళ్ళలో ఒక అమ్మాయి చనిపోయింది. ఆ ప్రాంతం మత్తు పుట్టగొడుగులు ఏరేవాళ్ళకి బాగా తెలిసిన ప్రాంతమే. తెలిసినచోటే అలా జరిగింది.

యాప్‌తో ఇంకో చిక్కు కూడా ఉంది. మనం ఫోటో తీసేది ఒకదానికి, కోసేది ఇరవై ముప్ఫై. ఆ ఒక్కటి సరైనదే అయినా మిగతా వాటిలో ఒక్కటి తేడా ఉంటే చాలు.

నలిపితే నీలం రంగు వస్తే అదే అంటారు?

సైలోసిన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసినప్పుడు నీలం రంగు వస్తుంది, అది నిజం. కానీ వేరే రసాయనాల వల్ల నీలంగా మారే పుట్టగొడుగులు కూడా చాలా ఉన్నాయి. గొడుగు అడుగున రేకులకి బదులు స్పాంజిలాగా ఉండే బొలీట్ రకాల్లో ఇది మామూలే, వాటిలో విషమైనవీ ఉన్నాయి. పైగా చీకట్లోనో, మబ్బు పట్టినప్పుడో నలుపు, బూడిద, నీలం మధ్య తేడా ఎంతమంది పసిగట్టగలరు? దీన్ని నమ్ముకుని నోట్లో పెట్టుకోవద్దు.

వెండి చెంచా, పసుపు, పురుగు తిన్న గుర్తు... ఇవి పనిచేస్తాయా?

ఒక్కటీ పనిచేయదు. విషం ఉంటే వెండి నల్లబడుతుందనీ, బియ్యం ఎర్రగా మారుతుందనీ, వెల్లుల్లి రంగు మారుతుందనీ ప్రపంచమంతా చెప్పుకుంటారు. డెత్ క్యాప్, గాలెరినాల్లో ఉండే అమాటాక్సిన్ అనే విషం వెండినీ ఏమీ చేయదు, బియ్యాన్నీ ఏమీ చేయదు. నత్తలు, పురుగులు డెత్ క్యాప్‌ని హాయిగా తింటాయి. వాసన బాగుంటే, రుచి బాగుంటే మంచిదన్న నమ్మకం కూడా తప్పే. డెత్ క్యాప్ తిని బతికి బయటపడినవాళ్ళు రుచి చాలా బాగుందనే చెప్పారు.

బాగా ఉడికిస్తే, ఎండబెడితే విషం పోదా?

అమాటాక్సిన్ పోదు. ఉడికించినా, వేయించినా, ఎండబెట్టినా, ఫ్రీజర్‌లో పెట్టినా అలాగే ఉంటుంది.

విషపు పుట్టగొడుగు తింటే వెంటనే తెలిసిపోతుంది కదా?

అన్నింటికన్నా ప్రాణాంతకమైన అపోహ ఇదే. అందుకే దీన్ని కాస్త విడమరచి చెబుతాను.

రాత్రి ఎనిమిదింటికి తిన్నారనుకోండి. పడుకునేదాకా ఏమీ ఉండదు. తెల్లవారుజామున కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, ఆ వెంటనే వాంతులు, నీళ్ళలాంటి విరేచనాలు మొదలవుతాయి. తిన్నాక ఆరు గంటల నుంచి పన్నెండు గంటల మధ్య, ఒక్కోసారి ఇరవై నాలుగు గంటలకి కూడా ఇవి మొదలవ్వచ్చు. ఈలోగా తిన్నది చాలావరకు పేగుల్లోంచి రక్తంలోకి వెళ్ళిపోయింది. నిన్న తిన్న పుట్టగొడుగుని ఎవరూ అనుమానించరు, బిర్యానీనో నీళ్ళనో అనుకుంటారు.

రెండో రోజు కాస్త తెరిపి ఇస్తుంది. వాంతులు ఆగుతాయి, మనిషి లేచి కూర్చుంటాడు, ఓఆర్ఎస్ తాగుతాడు. కొన్నిచోట్ల ఈ దశలో ఆసుపత్రి నుంచి ఇంటికి కూడా వచ్చేస్తారు. లోపల మాత్రం అమాటాక్సిన్ కాలేయ కణాల్లో తన పని చేసుకుపోతుంటుంది. కణం కొత్త ప్రోటీన్ తయారు చేసుకోవడానికి కావలసిన ఆర్ఎన్ఏ పాలిమరేజ్ అనే ఎంజైమ్‌ని అది ఆపేస్తుంది. మూడో రోజు, నాలుగో రోజుకి కళ్ళు పచ్చబడతాయి, చిగుళ్ళలోంచి రక్తం, మాటలో తడబాటు. అప్పటికి కాలేయం చాలావరకు పోయి ఉంటుంది. కొందరికి కాలేయ మార్పిడి తప్ప మార్గం ఉండదు.

2022 ఏప్రిల్‌లో అస్సాం ఎగువ జిల్లాల్లో అడవి పుట్టగొడుగులు వండుకుని తిన్న 13 మంది డిబ్రూగఢ్‌లోని అస్సాం మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో చనిపోయారు. ఎక్కువమంది తేయాకు తోటల కార్మికుల కుటుంబాలవాళ్ళు. వాళ్ళెవరూ మత్తు కోసం తినలేదు, కూరకని ఏరుకొచ్చుకున్నారు.

కార్టినేరియస్ అనే ఇంకో ప్రజాతిలో కొన్నింట్లో ఒరెల్లనిన్ అనే విషం ఉంటుంది. అది మూత్రపిండాల మీద పడుతుంది. లక్షణాలు బయటపడేసరికి రెండు మూడు వారాలు కూడా పట్టవచ్చు.

ఎవరో తినేశారు. ఇప్పుడేం చేయాలి?

లక్షణాల కోసం ఎదురుచూడకండి. 108కి ఫోన్ చేయండి, లేదా నేరుగా కాలేయ చికిత్స, ఐసీయూ ఉన్న పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళండి. వేలు పెట్టి వాంతి చేయించవద్దు, ఉప్పునీళ్ళు పట్టించవద్దు. ఢిల్లీ ఎయిమ్స్‌లో జాతీయ విష సమాచార కేంద్రం ఉంది, టోల్ ఫ్రీ నంబరు 1800 116 117. మీ దగ్గరి డాక్టర్ కూడా దానికి ఫోన్ చేసి సలహా తీసుకోవచ్చు. అమెరికాలో ఉన్నవాళ్ళు 1 800 222 1222కి చేయాలి.

మిగిలిన పుట్టగొడుగులుంటే, వండినవైనా సరే, కాగితపు కవర్లో పెట్టి తీసుకెళ్ళండి. ప్లాస్టిక్ కవర్లో పెడితే చెమర్చి పాడైపోతాయి. వాంతి చేసుకున్నా అందులోంచి కాస్త డబ్బాలో పట్టండి. ఎన్నింటికి తిన్నారు, ఎప్పుడు కడుపునొప్పి మొదలైంది అన్న రెండు టైములు కాగితం మీద రాసి పెట్టుకోండి. డాక్టర్ మొదట అడిగేది అదే. ఆరు గంటల తర్వాత మొదలైతే ప్రమాదకరమైన విషమన్న అనుమానం బలపడుతుంది. ముందే మొదలైనంత మాత్రాన గండం గడిచినట్టు కాదు, ఎందుకంటే రెండు మూడు రకాలు కలిపి తిని ఉండవచ్చు.

ఆ పళ్ళెంలోది తిన్న ప్రతి ఒక్కరూ వెళ్ళాలి, బాగానే ఉన్నవాళ్ళు కూడా.

డాక్టర్ దగ్గర అబద్ధం చెప్పకండి. పరువు పోతుందని, పోలీసులు వస్తారని టెన్షన్ పడి "బయట ఏదో తిన్నాడు" అంటే ఆ డాక్టర్ ఫుడ్ పాయిజనింగ్ అని సెలైన్ పెట్టి పంపేస్తారు. యాక్టివేటెడ్ చార్‌కోల్, సిలిబినిన్, ఎన్-ఎసిటైల్ సిస్టీన్ లాంటి మందులు ఎంత త్వరగా మొదలైతే అంత మంచిది. నిజం చెప్పడానికి ఆలస్యం చేసిన ప్రతి గంటా కాలేయం మీద పడుతుంది.

విషం కాదు, "ట్రిప్" బెడిసికొట్టింది. అప్పుడు?

మనిషిని ఒంటరిగా వదలకండి. ఎత్తైన చోటు నుంచి, నీటి దగ్గర నుంచి, రోడ్డు నుంచి దూరంగా తీసుకురండి. లైట్లు, పాటలు తగ్గించండి. వాదించకుండా, నవ్వకుండా "నేను ఇక్కడే ఉన్నాను, కాసేపట్లో తగ్గిపోతుంది" అని నెమ్మదిగా చెబుతూ ఉండండి. మద్యం తాగించడం, నిద్రమాత్రలు వేయడం చేయవద్దు. మూర్ఛ వచ్చినా, ఒళ్ళు కాలిపోతున్నా, ఛాతీ నొప్పి అన్నా, తనకో ఇతరులకో హాని చేసుకునేలా ఉన్నా ఆలోచించకుండా 108కి ఫోన్ చేయాలి. తర్వాతి రోజుల్లో భయం, నిద్రలేమి, లేనివి కనిపించడం పోకపోతే మానసిక వైద్యుల్ని కలవాలి. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కి ఎప్పుడైనా చేయవచ్చు, తెలుగులో మాట్లాడేవాళ్ళు ఉంటారు.

అసలు ఎవరు దీని జోలికే పోకూడదు?

చట్టం దృష్టిలో ఎవరూ పోకూడదు, ఆ సంగతి కింద రాశాను. వైద్యపరంగా అయితే, స్కిజోఫ్రెనియా, బైపోలార్ ఉన్నవాళ్ళకి, ఇంట్లో దగ్గరి బంధువులకి ఆ జబ్బులున్నవాళ్ళకి ఇది చాలా చెడు చేయగలదు. ఈ జబ్బులు సాధారణంగా బయటపడేది కూడా పద్దెనిమిది నుంచి పాతికేళ్ళ మధ్యే, కాలేజీ ట్రిప్పులకి వెళ్ళే వయసులోనే. మన ఇళ్ళలో మేనమామకి "కొన్నాళ్ళు బుర్ర బాగోలేదు" అనేదాన్ని దాచిపెడతారు. ఆ పిల్లాడికి తన కుటుంబ చరిత్ర తెలియదు. ఇది నన్ను చాలా బాధపెట్టే విషయం.

లిథియం వాడుతున్నవాళ్ళు కలిపి తీసుకున్నప్పుడు మూర్ఛలు వచ్చిన సంఘటనలున్నాయి. గుండెజబ్బు, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్ళకీ ప్రమాదమే. "ఇది తిందాం" అని డిప్రెషన్ మందులు సొంతంగా మానేయడం ఇంకా పెద్ద ప్రమాదం.

మన దేశంలో చట్టం ఏమంటుంది? అడవిలో సహజంగా మొలిచేది నేరమెలా అవుతుంది?

1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం (మత్తుపదార్థాల నిరోధక చట్టం) జాబితాలో సైలోసిబిన్, సైలోసిన్ రెండూ ఉన్నాయి. తయారుచేయడం, దగ్గర ఉంచుకోవడం, అమ్మడం, కొనడం, రవాణా చేయడం, వాడటం అన్నీ నేరాలే. సైలోసిబిన్‌కి 2 గ్రాముల లోపు తక్కువ పరిమాణం, 50 గ్రాములు దాటితే వాణిజ్య పరిమాణం. తక్కువ పరిమాణానికి ఏడాది దాకా జైలు, లేదా పది వేల దాకా జరిమానా, లేదా రెండూ. మధ్యలో ఉంటే పదేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా. వాణిజ్య పరిమాణమైతే పదేళ్ళకి తగ్గకుండా ఇరవై ఏళ్ళ దాకా. అక్కడ బెయిల్ దొరకడం కూడా చాలా కష్టం.

చిక్కంతా తూకం దగ్గర వస్తుంది. పుట్టగొడుగు మొత్తాన్ని తూచాలా, అందులో ఉన్న సైలోసిబిన్‌నే లెక్కకట్టాలా? 2025 జనవరిలో కేరళ హైకోర్టు ఒక బెయిల్ కేసులో మాట్లాడుతూ, పుట్టగొడుగు సహజంగా పెరిగే శిలీంధ్రమనీ, దాన్ని మత్తుపదార్థం కలిపిన "మిశ్రమం"గా చూడలేమనీ చెప్పింది. అంతకుముందు కర్ణాటక, మద్రాసు హైకోర్టుల్లోనూ ఇలాంటి అభిప్రాయమే వచ్చింది. దీన్ని పట్టుకుని "మేజిక్ మష్రూమ్ లీగల్ అయిపోయింది" అని రీల్స్ తిరిగాయి. అది పూర్తిగా తప్పు. అవి బెయిలు దశలో, పరిమాణం ఎలా లెక్కించాలన్న వాదన మీద వచ్చిన మాటలు. సైలోసిబిన్ జాబితాలోంచి పోలేదు. పోలీసులు పట్టుకుంటారు, ల్యాబ్‌కి పంపుతారు, రిపోర్టు వచ్చేలోగా మీరు రిమాండ్‌లో ఉంటారు. పాస్‌పోర్టు, వీసా, ప్రభుత్వ ఉద్యోగం, అన్నింటి దగ్గరా ఆ కేసు ఎదురొస్తుంది.

మత్తుకి అలవాటుపడి తనంతట తాను చికిత్సకి వెళ్ళేవాళ్ళకి ఇదే చట్టంలోని 64ఏ సెక్షన్ కొంత రక్షణ ఇస్తుంది. సహాయం కావాలంటే 14446 నంబరు ఉంది.

మేం అమెరికాలో ఉన్నాం. ఇక్కడ లీగల్ కదా?

కొన్ని రాష్ట్రాల్లో, కొన్ని షరతులతో మాత్రమే. ఓరెగాన్‌లో 2020లో ఓటర్లు ఆమోదించిన పద్ధతి ప్రకారం లైసెన్సు ఉన్న కేంద్రంలో, శిక్షణ పొందినవాళ్ళ సమక్షంలో, 21 ఏళ్ళు దాటినవాళ్ళు తీసుకోవచ్చు. అడవిలో ఏరుకోవడం దాని కిందకి రాదు. కొలరాడోలో 2022లో వచ్చిన చట్టం సొంతానికి పెంచుకోవడాన్ని అనుమతించింది, అమ్మకాన్ని అనుమతించలేదు.

కానీ మనవాళ్ళు మర్చిపోయే అసలు సంగతి వేరే ఉంది. అమెరికా కేంద్ర చట్టంలో సైలోసిబిన్ ఇప్పటికీ మొదటి షెడ్యూల్‌లో, అంటే అన్నింటికన్నా కఠినంగా నిషేధించిన జాబితాలో ఉంది. ఇమిగ్రేషన్‌వాళ్ళు చూసేది ఆ కేంద్ర చట్టాన్నే. ఎఫ్1 మీద చదువుకుంటున్నా, హెచ్1బీ మీద ఉద్యోగం చేస్తున్నా, గ్రీన్ కార్డు ఉన్నా, రాష్ట్రంలో నేరం కానిది కూడా వీసా దగ్గర, దేశంలోకి తిరిగి వచ్చేటప్పుడు గొంతుకు చుట్టుకోవచ్చు. శిక్ష పడకపోయినా, "వాడాను" అని ఒప్పుకోవడమే సమస్య అయ్యే సందర్భాలున్నాయి. సరదాగా పెట్టిన ఇన్‌స్టా పోస్టు కూడా సాక్ష్యమే. అలాంటి పరిస్థితిలో ఉన్నవాళ్ళు ముందుగా ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడాలి.

బ్రిటన్‌లో 2005 నుంచి తాజా పుట్టగొడుగులు కూడా క్లాస్ ఏ మత్తుపదార్థాలే. నెదర్లాండ్స్ 2008 డిసెంబరులో పుట్టగొడుగుల్ని నిషేధించింది.

షాపుల్లో "మష్రూమ్ గమ్మీలు", చాక్లెట్లు అమ్ముతున్నారు. అవి పరవాలేదా?

పరవాలేదని చెప్పలేను. 2024లో అమెరికాలో ఒక కంపెనీ మష్రూమ్ చాక్లెట్లు తిని చాలా రాష్ట్రాల్లో జనం మూర్ఛలతో, స్పృహ తప్పి ఆసుపత్రుల పాలయ్యారు, సరుకు మొత్తం వెనక్కి తెప్పించారు. కవరు మీద రాసిందీ లోపల ఉన్నదీ ఒకటే అన్న భరోసా లేదు.

డిప్రెషన్‌కి మందుగా వాడుతున్నారట?

పరిశోధన జరుగుతోంది, ఆశ కలిగించే ఫలితాలే వచ్చాయి. 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, మందులకి లొంగని డిప్రెషన్ కోసం సైలోసిబిన్ చికిత్సని త్వరగా పరిశీలించాల్సిన జాబితాలో చేర్చింది. 2022లో అచ్చైన ఒక అధ్యయనంలో 233 మందికి 25, 10, 1 మిల్లీగ్రాముల చొప్పున ఒక్కసారి ఇచ్చి చూశారు. మూడు వారాలకి 25 మిల్లీగ్రాములు తీసుకున్నవాళ్ళలో డిప్రెషన్ బాగా తగ్గింది. అదే అధ్యయనంలో ఆత్మహత్య ఆలోచనలు వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు, అందుకే వాళ్ళని దగ్గరుండి చూసుకున్నారు. ఆస్ట్రేలియాలో 2023 జులై 1 నుంచి అనుమతి పొందిన మానసిక వైద్యులు దీన్ని రాయవచ్చు.

అక్కడ ఇచ్చింది ల్యాబ్‌లో తయారుచేసిన, మిల్లీగ్రాముతో సహా లెక్కున్న మందు. ముందు వారాల తరబడి మాట్లాడతారు, తీసుకున్నంతసేపూ పక్కన ఇద్దరుంటారు, తర్వాత మళ్ళీ కూర్చోబెట్టి మాట్లాడతారు. కొండ మీద ఫ్రెండ్స్‌తో తినేదానికీ దానికీ పోలిక పెట్టకండి. మీరు డిప్రెషన్‌లో ఉండి ఈ ప్రశ్న అడుగుతుంటే దయచేసి ఒక డాక్టర్‌ని కలవండి. ఇప్పుడున్న మందులతో, కౌన్సెలింగ్‌తో కోలుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు.

ఈ పిచ్చి ఎక్కడ మొదలైంది?

పిచ్చి అనకండి. మెక్సికోలో ఇది చాలా పాత వైద్యం, ఆరాధన కూడా. స్పెయిన్‌వాళ్ళు వచ్చి దాన్ని దయ్యాల పూజ అని నిషేధిస్తే కొండల్లో గుట్టుగా బతికింది. ఓహాకా రాష్ట్రంలో హువౌట్లా దె హిమెనెస్ అనే కొండ ఊళ్ళో మజటెక్ తెగకి చెందిన మరియా సబీనా అనే వైద్యురాలు ఉండేది. ఊళ్ళో ఎవరికైనా జబ్బు చేస్తే రాత్రంతా దీపం ఆర్పి, పాడుతూ, ప్రార్థిస్తూ పుట్టగొడుగులతో వైద్యం చేసేది. 1955లో గోర్డన్ వాసన్ అనే న్యూయార్క్ బ్యాంకర్ అక్కడికి వెళ్ళి, ఆమె నిర్వహించే ఆ రాత్రి క్రతువులో కూర్చున్నాడు. 1957 మే నెలలో లైఫ్ పత్రికలో దాని గురించి రాశాడు. ఆమె పేరు, ఊరి పేరు మార్చి రాసినా అది దాగలేదు.

ఆ తర్వాతి పదేళ్ళలో ఆ ఊరి మీదకి విదేశీ కుర్రకారు గుంపులు గుంపులుగా వచ్చిపడ్డారు. వాళ్ళు జబ్బుతో రాలేదు, అనుభవం కోసం వచ్చారు. పోలీసులు వచ్చారు. ఊరివాళ్ళు ఆమెనే తప్పుపట్టారు, ఆమె ఇల్లు తగలబెట్టారు. పరాయివాళ్ళు వచ్చాక పుట్టగొడుగుల్లో శక్తి పోయిందని ఆమె బాధపడింది. 1985లో చనిపోయింది.

ఈలోగా స్విట్జర్లాండ్‌లోని సాండోజ్ కంపెనీలో ఆల్బర్ట్ హాఫ్‌మన్ 1958లో సైలోసిబిన్‌ని విడదీశాడు. 1962లో ఆయన స్వయంగా ఆ ఊరికి వెళ్ళి తను చేసిన మాత్రల్ని సబీనాకి ఇచ్చాడు. వాటిలోనూ పుట్టగొడుగు ఆత్మ ఉందని ఆమె చెప్పిందట. ఇకమీదట పుట్టగొడుగులు దొరకని కాలంలో కూడా వైద్యం చేయవచ్చని సంతోషించిందట. ఆమె ఆలోచన ఎంతసేపూ జబ్బుమనిషి చుట్టూనే తిరిగింది.

వేదాల్లోని సోమరసం కూడా పుట్టగొడుగేనా?

అదే వాసన్ 1968లో ఆ మాట అన్నాడు. సోమం అమనిటా మస్కారియానే అని ఆయన వాదన. ఋగ్వేదంలో సోమానికి ఆకులు, పూలు, వేర్ల వర్ణన లేదన్నది ఆయన చూపిన కారణాల్లో ఒకటి. చాలామంది పండితులు ఒప్పుకోలేదు. ఎఫెడ్రా అనే ఎడారి పొద అని కొందరు, వేరే మొక్కలని కొందరు అంటారు. రాళ్ళతో దంచి, ఉన్నితో వడకట్టి, పాలు కలిపిన వర్ణన మాత్రం ఋగ్వేదంలో స్పష్టంగా ఉంది. మన దక్షిణాది సోమయాగాల్లో వాడేది ఆకుల్లేని పాలతీగ, అది మత్తెక్కించేది కాదు. "మన ఋషులే తిన్నారు" అన్న వాదనకి ఆధారం చాలా పలచన.

మా ఊళ్ళో తరతరాలుగా పుట్టకొక్కులు ఏరుకుని తింటున్నాం. అది కూడా ప్రమాదమేనా?

ఊళ్ళో పెద్దవాళ్ళ పక్కన నడుస్తూ, ఏటా అదే పుట్ట దగ్గర, అదే అదనులో ఏరేవాళ్ళ జ్ఞానాన్ని నేను చాలా గౌరవిస్తాను. చెదపుట్టల్లో చెదలే పెంచుకునే శిలీంధ్రం నుంచి మొలిచే ఆ పుట్టగొడుగుల్ని ఇప్పటిదాకా ఎవరూ వ్యాపారానికి పెంచలేకపోయారు. కాడ లోతుగా, వేరులాగా పుట్టలోపలికి దిగి ఉంటుంది. అమ్మమ్మలు దాన్ని పైపైన తుంచకుండా మట్టి తవ్వి కాడ చివరిదాకా చూసేవాళ్ళు. అది గొప్ప అలవాటు.

ప్రమాదం ఆ జ్ఞానం ఊరు దాటినప్పుడు వస్తుంది. హైదరాబాద్ అపార్టుమెంటు లాన్‌లో వాన పడ్డాక తెల్లగా, పెద్దగా, అచ్చం తినేదానిలాగే మొలిచేది చాలాసార్లు క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్. తిన్న మూడు గంటల్లోపే విపరీతమైన వాంతులు, విరేచనాలు. అలాగే అమెరికా, ఆస్ట్రేలియాలకి వెళ్ళిన ఆసియావాళ్ళు అక్కడి డెత్ క్యాప్‌ని చూసి మన వరిగడ్డి పుట్టగొడుగు అనుకుని తిని ప్రాణాలు పోగొట్టుకున్నారు. మొగ్గ దశలో రెండూ గుడ్డులాగే ఉంటాయి. కాలిఫోర్నియాలో పార్కులో కనిపించినదాన్ని చూసి మీ అమ్మానాన్నలు "ఇది మన ఊళ్ళో ఉండేదే" అంటే ఆపండి.

తినకుండా పుట్టగొడుగుల మీద ఆసక్తి పెంచుకోవడం ఎలా?

ముట్టుకుంటే ఏమీ కాదు, విషపువైనా సరే. తినకూడదు, ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి, అంతే. మొదటగా చేయదగ్గది బీజాంశాల ముద్ర. అభయారణ్యం బయట, మీ ఇంటి దగ్గరే, బాగా విచ్చుకున్న ఒక గొడుగుని తీసుకోండి. కాడ కోసేయండి. సగం తెల్ల కాగితం, సగం నల్ల కాగితం అంటించి దాని మీద రేకులు కిందికి ఉండేలా గొడుగుని బోర్లించండి. పైన గాజు గిన్నె మూసి రాత్రంతా వదిలేయండి. పొద్దున మెల్లగా ఎత్తితే రేకుల గీతలన్నీ పొడితో అచ్చుపడి ఉంటాయి. ఒక్కోదానికి ఒక్కో రంగు: తెలుపు, గులాబీ, ముదురు గోధుమ, నలుపు. లాన్‌లో మొలిచే ఆ క్లోరోఫిల్లమ్ అయితే లేత ఆకుపచ్చ పొడి రాలుస్తుంది. పుట్టగొడుగుల్లో ఆ రంగు చాలా అరుదు, మొదటిసారి చూసినవాళ్ళు నమ్మలేరు.

ఫోటో తీసేటప్పుడు పైనుంచి ఒకటి, అడుగున రేకులది ఒకటి, మట్టి తవ్వి కాడ మొదలుది ఒకటి, పక్కనున్న చెట్టుది ఒకటి తీయండి. అమనిటా రకాలకి కాడ మొదట్లో సంచిలాంటిది ఉంటుంది. అది మట్టిలో ఉండిపోతే సగం ఆనవాలు పోయినట్టే. ఐనేచురలిస్ట్ అనే ప్రకృతి పరిశీలకుల వెబ్‌సైట్‌లో పెడితే దేశదేశాల్లోని ఆసక్తిపరులు చూసి జాతి గురించి చర్చిస్తారు. మన తెలుగు జిల్లాల నుంచి అందులో ఇంకా చాలా తక్కువ ఫోటోలున్నాయి, మీరు పెట్టే ప్రతి ఒక్కటీ పనికొస్తుంది. పెంచుకుని తినాలనిపిస్తే పాల పుట్టగొడుగులు మన ఎండలకి బాగా వస్తాయి, విత్తనం, శిక్షణ కృషి విజ్ఞాన కేంద్రాల్లో అడగవచ్చు.